ఈ గది ఎవరి కొరకు?

పఠన భాగము: నెహెమ్యా 13:4–13



ఈ నెల ఇల్లు సర్దుకొనుటను గూర్చి మీతో మాటలాడ దలంచితిని. "అది ఆడవారు చూచుకొను పని గదా, దానికి వాక్యమెందుకు?" అని కొందరు నవ్వవచ్చును. నేనును ఒకప్పుడు అట్లే తలంచినవాడను. కాని నా యింటిలోనే జరిగిన యొక సంగతి నా తలంపును మార్చినది. సిగ్గుపడుచునే దానిని మీకు చెప్పుచున్నాను.

2022వ సంవత్సరము జూలై నెలలో గోదావరికి వచ్చిన వరదను మనము మరచిపోలేదు. ధవళేశ్వరమునొద్ద 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రమునకు దిగినది. గౌతమి, వసిష్ఠ, వైనతేయ మూడును పొంగి లంకలను ముంచినవి. ఆ దినములలో ఒక సాయంకాలము లంకనుండి పడవమీద ఒక కుటుంబము మా యింటికి వచ్చినది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక ముసలి తల్లి. వారు తెచ్చుకొన్నవి మూడే: రేషను కార్డును పొలము కాగితములును ఉన్న ప్లాస్టిక్ సంచి, ఒక బట్టల మూట, గంపలో రెండు కోళ్లు.

మా పాస్టరు గృహమునకు ఒక ప్రక్కగది యున్నది. ఊరికి వచ్చు సువార్తికులు విశ్రమించుటకని, నాకు ముందున్న కాపరిగారి దినములలో సంఘస్థులు తలా కొంత వేసికొని కట్టించిన గది అది. ఆ సాయంకాలము దాని తలుపు త్రోసితిని. సగమే తెరచుకొన్నది. లోపల ఏమున్నవి? తిత్తి చినిగిన హార్మోనియము, క్రిస్మస్ నక్షత్రముల వెదురు చట్రములు, తిరుగని పంకా, కాలు విరిగిన కుర్చీలు, ఖాళీ సిమెంటు సంచులు, ఎన్నడో కొన్న టీవీ వచ్చిన అట్టపెట్టె, మా ఆవిడ ట్రంకు పెట్టెలు, నా సెమినరీ నోటు పుస్తకములు. అడుగు పెట్టుటకు చోటు లేదు.

ముందు గదిలో మేమును వారును ఎట్లో సర్దుకొంటిమి. ముసలి తల్లికి వసారాలో మంచము వేసితిమి. అర్ధరాత్రి గాలివాన కొట్టినది. నేను లేచి వచ్చి చూడగా ఆమె గోనెపట్టా కప్పుకొని మోకాళ్లు ముడుచుకొని కూర్చుండి యుండెను. ఆ గది తలుపు సందులోనుండి లోపలి సామాను పొడిగా కనబడుచున్నది. నేనేమియు అనకముందే ఆమె, "పర్లేదండి అయ్యగారూ, సామాను తడవకూడదు కదండీ. మేం తడిస్తే ఆరిపోతామండి" అన్నది.

ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. నన్ను ఓదార్చుటకే అన్నది. అందుచేతనే ఆ మాట నన్ను నిదురపోనియ్యలేదు.

తరువాతి వారము నెహెమ్యా గ్రంథము చదువుచుండగా పదమూడవ అధ్యాయమునొద్ద నిలిచిపోతిని. దేవుని మందిరములో ఒక గొప్ప గది యుండెను. నైవేద్యములు, సాంబ్రాణి, పాత్రలు, లేవీయులకును పాటకులకును ద్వారపాలకులకును రావలసిన ధాన్యము, ద్రాక్షారసము, నూనె అందులో ఉంచెడివారు. యాజకుడైన ఎల్యాషీబు తన బంధువగు టోబీయాకు ఆ గదిని ఇచ్చివేసెను. నెహెమ్యా ఊరిలో లేని దినములలో అది జరిగెను. తిరిగి వచ్చి అతడేమి చేసెను? టోబీయా సామానంతయు వెలుపల పారవేయించెను. గదులను శుభ్రపరచుడని ఆజ్ఞాపించెను. మందిరపు వస్తువులను మరల అందులోనికి తెప్పించెను.

ఈ కథను మనము టోబీయా దుష్టత్వమును గూర్చి చదువుదుము, అది సరియే. కాని పదియవ వచనమును గమనింపుడి. లేవీయులకు రావలసిన పాళ్లు అందలేదు. వారును పాటకులును పని విడిచి ఎవరి పొలమునకు వారు వెళ్లిపోయిరి. గది నిండినది, మనుష్యులు వెళ్లిపోయిరి. ఆ సామానులో దొంగసొమ్ము ఉన్నట్లు వ్రాయబడలేదు. అవి ఒక యింటి వస్తువులే. అయితే ఆ గది వేరొకరి కొరకు ఏర్పాటు చేయబడినది. నా ప్రక్కగదిలోని హార్మోనియమును పాపపు వస్తువు కాదు. అది ఒక ముసలి తల్లి చోటులో నున్నది, అంతే.

అయితే దాచుట పాపమా? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. మన పెద్దలు పాత గోనెను, చిల్లుపడిన బిందెను, తుప్పు పట్టిన మేకును సహా పారవేయరు. యౌవనస్థులు వారిని చూచి విసుగుకొందురు. కాని 1986 ఆగష్టు వరదను చూచినవారు, 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపానులో ఇంటి కప్పు ఎగిరిపోగా కొబ్బరిచెట్టును కౌగిలించుకొని తెల్లవార్చినవారు మన మధ్య నున్నారు. తెల్లవారి చూచుకొనగా వారికి ఒక గిన్నెయు మిగులలేదు. అట్టివారు తాడు ముక్కను దాచుకొన్నారంటే దానిని లోభమనుటకు నాకు నోరు రాదు.

ప్రభువు కూడ మిగిలిన రొట్టెముక్కలను పోగుచేయించెను. ఐదు వేలమంది తృప్తిపొందిన తరువాత పండ్రెండు గంపలు నిండినవని యోహాను ఆరవ అధ్యాయములో చదువుచున్నాము. కావున పొదుపు భక్తికి విరోధము కాదు. అయితే నిర్గమకాండము పదునారవ అధ్యాయములో, మరునాటికని దాచిన మన్నా పురుగుపట్టి కంపుకొట్టెను. ఈ రెంటిని ఎట్లు పొసగించవలెను?

అదే అధ్యాయములో దీనికి జవాబున్నది. విశ్రాంతి దినము కొరకు ఆరవ దినమున దాచిన మన్నా చెడిపోలేదు. మన్నా అదే, పాత్ర అదే, రాత్రి అదే. ఒకటి పురుగుపట్టెను, మరియొకటి నిలిచెను. భేదమెక్కడ నున్నది? చెప్పిన పనికొరకు, చెప్పిన దినము కొరకు దాచినది నిలిచినది. రేపు దేవుడు ఇయ్యడేమో యని దాచినది చెడినది. మన యిండ్లలోని వస్తువులను తూచుటకు నాకు దొరికిన త్రాసు ఇదే. ఏ వస్తువునైనను చేతపట్టుకొని, "నీవు ఎవరికొరకు, ఏ దినము కొరకు ఉన్నావు?" అని అడుగుడి. "దినమును నీ చేతి పనికి", "వచ్చు అతిథికి", "పిల్లదాని బడికి" అని జవాబు వచ్చిన యెడల దానికి చోటు చూపుడి. "ఏమో, ఎప్పుడైనా పనికి వచ్చునేమో" అన్న జవాబు మాత్రమే పది సంవత్సరములుగా వచ్చుచున్నయెడల అది మన్నా సంగతి.

మీలో కొందరి యిండ్లలో ఇంకొక విధమైన దాపరికము చూచితిని. తల్లియో చెల్లెలో కువైటులో, మస్కటులో పరుల యిండ్లలో పనిచేసి, కడుపు కట్టుకొని పంపిన దుప్పట్లు, గిన్నెలు కవరు విప్పకుండ పెట్టెలలో నున్నవి. పిల్లలు డిసెంబరు మంచులో పాత చీర కప్పుకొని పండుకొందురు. "అమ్మ కష్టపడి పంపినది, పాడుచేయకూడదు" అందురు. ఆమె ఎవరికొరకు పంపినది? ఆమె పిల్లలు వెచ్చగా పండుకొనవలెననియే గదా. పెండ్లికి కావలసినంత ఉంచి తక్కినవి విప్పుడి. వాడుటయే ఆమె కష్టమును గౌరవించుట.

మరి చనిపోయినవారి వస్తువులో? ఒక సహోదరి తన భర్త వల వేయు గాలమును, చెప్పులను, చొక్కాలను, చేతికర్రను, ఆయన త్రాగిన మందుల సీసాలను సహా దాచుకొన్నది. ఆమెను త్వరపెట్టకుడి. యొర్దాను దాటినప్పుడు యెహోషువ జ్ఞాపకార్థముగా రాళ్లు నిలువబెట్టెను. అయితే పండ్రెండు రాళ్లే గాని నదిలోని రాళ్లన్నిటిని గిల్గాలుకు మోయించలేదు. చేతికర్ర ఒకటి గోడకు నిలువనీయుడి. పిల్లలు అడిగినప్పుడు ఆయన కథ చెప్పుటకు అది చాలును.

ఇక చేయవలసిన పని. మన కాలువలను చూడుడి. కాటను దొరగారు 1847లో ఆరంభించి 1852 నాటికి ధవళేశ్వరపు ఆనకట్టను పూర్తిచేయించిరి. ఆ నీటివలననే ఈ సీమ పచ్చనైనది. అయినను కాలువ త్రవ్వుటతో పని తీరలేదు. వేసవిలో కాలువలు కట్టివేసి, పూడిక తీసి, గుర్రపుడెక్కను తొలగించని యెడల చివరి పొలమునకు నీరు అందదు. ఇల్లును అంతే. సంవత్సరమున కొక్కమారైనను, వానలకు ముందుగా, దానికి పూడికతీత కావలెను.

ఇల్లంతయు ఒక్క దినమున తలక్రిందులు చేయవద్దు. పోగొట్టుకొనిన నాణెమును వెదకిన స్త్రీ మొదట దీపము వెలిగించెను, తరువాత ఊడ్చెను. అట్లే చీకటిగా నున్న ఒక్క మూలను పట్టుకొనుడి: మంచము క్రింద, లేక అటకమీద, లేక బట్టలు కుప్పపడిన దండెము. అక్కడివన్నియు వాకిట పరచి మూడు కుప్పలు చేయుడి: ఉంచవలసినవి, ఇయ్యవలసినవి, తీసివేయవలసినవి. ఉంచవలసిన ప్రతిదానికి ఒక చోటు నియమించి, వాడిన తరువాత మరల అక్కడనే పెట్టుట పిల్లలకు నేర్పుడి. ఒకరి వస్తువును మరియొకరు అడుగకుండ తీసివేయరాదు. ఇల్లు శుభ్రపడి మనస్సులు చెడిన లాభమేమి?

పొలము కాగితములు, ఆధారు, రేషను కార్డులు, బ్యాంకు పుస్తకములు, పిల్లల సర్టిఫికెట్లు ఒకే ప్లాస్టిక్ సంచిలో, చీకటిలోనైనను చేతికందు చోట ఉంచుడి. లంక కుటుంబము నాకు నేర్పిన పాఠమిది. పురుగుల మందును వంటింటి గూటిలో గాని, కూల్‌డ్రింకు సీసాలో గాని ఎన్నడును ఉంచరాదు. పసిబిడ్డ సీసాను చూచునే గాని లోపల నున్నది ఎరుగదు.

పెరటిని మరువకుడి. నీరు నిలిచిన కొబ్బరి చిప్పలలో, పాత టైర్లలో డెంగీ దోమ గ్రుడ్లు పెట్టును. పది దినములైనను కాకముందే అవి దోమలై ఎగురును. కావున వారమున కొక్కమారు నిలువ నీటిని పారబోయుడి. డొక్కల కుప్ప ఇంటికి ఆనుకొని యున్నయెడల పాములు చేరును. కుళ్లిన దుంగలలో, పెంటకుప్పలలో పెరిగిన కొమ్ము పురుగు పైకెగిరి కొబ్బరిచెట్టు మొవ్వును తొలుచును. క్రింద మనము పట్టించుకొనని కుప్ప, పైన కాపును తినివేయుచున్నది. రైతులైన మీకు దీని అర్థము నేను విప్పి చెప్పనక్కరలేదు.

తీసివేసిన చెత్తను కాలువలో వేయకుడి. మన గుమ్మము శుభ్రమై దిగువ ఊరివారి రేవు మురికియైన యెడల అది శుభ్రత కాదు. ఇయ్యవలసిన వాటిలో చినిగిన బట్టలు పెట్టకుడి. నీవు కట్టుకొని ఆరాధనకు రాదగినదే పొరుగువానికి ఇమ్ము. తక్కినది తుడుపుగుడ్డ చేసికొనుము.

మా గదిని గూర్చి చెప్పి ముగించెదను. దానిని ఖాళీచేయుటకు నాకును మా ఆవిడకును నాలుగు దినములు పట్టినది. ఆమె ట్రంకు పెట్టెలను ఒక గంటలో తేల్చినది; నా పుస్తకములయొద్దనే ఆలస్యమైనది. ఎన్నడైనను చదువుదునని దాచిన ఆ నోటు పుస్తకములను నాకంటె ముందు చెదలు శ్రద్ధగా చదివి ముగించినవి! హార్మోనియమును బాగుచేయించి, వాయించుట వచ్చిన ఒక చిన్నవానికి ఇచ్చితిమి. షూనేము ఊరి స్త్రీ ఎలీషాకు సిద్ధపరచిన గదిలో ఉన్నవి నాలుగే: మంచము, బల్ల, పీట, దీపము. మేమును అంతే ఉంచితిమి.

ఆ ముసలి తల్లి ఆ గదిలో పండుకొనలేదు. గది సిద్ధమైన సంగతి చెప్పి ఒకమారు రమ్మని కబురు పంపితిని, "వస్తానండి" అన్నదట. మరుసటి సంవత్సరము ఆమె ప్రభువునందు నిద్రించెను. తరువాత ఆ మంచముమీద చాలమంది పండుకొనిరి. ప్రతిమారును దుప్పటి పరచునప్పుడు ఆమె నాకు జ్ఞాపకము వచ్చును.

మీ యింట ఏ గదియు ఎక్కువగా లేకపోవచ్చును. ఒంటి నిట్రాటి పాకయే కావచ్చును. అయినను ఒక చాప పరచునంత చోటు ఒకరికొరకు ఖాళీగా ఉంచగలరు. ఈ నెలలో ప్రతి కుటుంబమును ఒక్క మూలను సర్ది, ఆ సాయంకాలము అక్కడనే కూర్చుండి కుటుంబ ప్రార్థన చేసికొనుడని వేడుకొనుచున్నాను.

ప్రార్థన: ప్రభువా, తల వాల్చుకొనుటకు చోటులేక మా మధ్య తిరిగితివి. మేము వస్తువులకు ఇచ్చిన చోటును మనుష్యులకు మరల ఇచ్చునట్లు మాకు సహాయము చేయుము. ఆలస్యము కాకముందే చేయించుము. ఆమేన్.