చంద్రునిపై ‘మనం’: ఒక సర్వనామం – నైతిక పరిశీలన

తెలుగు వ్యాకరణం ఉత్తమపురుష బహువచనాన్ని రెండుగా విడదీస్తుంది. వినేవారిని కలుపుకొంటే ‘మనం’, విడిచిపెడితే ‘మేము’. 1969 జూలైలో అపోలో 11 వ్యోమగాములు చంద్రునిపై విడిచివచ్చిన ఫలకం, సమస్త మానవజాతి తరఫున శాంతితో వచ్చామని ప్రకటిస్తుంది. ‘వచ్చాము’ అనే క్రియ రెండు సర్వనామాలకూ సరిపోతుంది. కర్తను పైకి చెప్పవలసి వచ్చినప్పుడే చిక్కు. చొప్పదండి రైతు ఒకరు ఆ యాత్రను గురించి ‘మనం చంద్రుని మీదికి పోయినం’ అనవచ్చునా, ‘వాళ్ళు పోయిండ్రు’ అనడమే న్యాయమా? వ్యాకరణ సమస్యగా కనిపించే ఈ ప్రశ్న నిజానికి నైతికమైనది.

మానవజాతి ఒక్కటే కనుక ‘మనం’ సరైనదేనన్నది మొదటి సమాధానం. నాటి కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో జన్మించిన సి. నారాయణరెడ్డి ‘విశ్వంభర’ (1980)లో పేర్లతో, తేదీలతో పనిలేని మనిషిని కావ్యనాయకునిగా నిలిపారు. కావ్యంలో ఆ సమష్టి మానవుడు సాధ్యమే. చరిత్రలో మాత్రం యాత్రికునికి పేరు, దేశం, జెండా ఉంటాయి. 1972 వరకు చంద్రునిపై నడిచిన 12 మందీ ఒకే దేశపు పురుషులు.

శ్రమను కొలతగా తీసుకోవడం రెండవ సమాధానం. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రతలంపై నడుస్తున్న వేళ మైఖేల్ కాలిన్స్ ఒంటరిగా కక్ష్యలో తిరుగుతున్నాడు. అడుగు పెట్టలేదని అతణ్ణి ఆ ‘మేము’లోంచి ఎవరూ తొలగించరు. అపోలో పథకంలో పనిచేసిన సుమారు 4 లక్షల మందికీ ఇది వర్తిస్తుంది. అయితే ఈ కొలతతో చొప్పదండి రైతు బయటే మిగులుతాడు.

1967 నాటి అంతరిక్ష ఒప్పందం మూడవ దారి చూపుతుంది. అన్వేషణ అన్ని దేశాల మేలు కోసం సాగాలని, చంద్రుణ్ణి ఏ దేశమూ సొంతం చేసుకోరాదని, వ్యోమగాములను మానవజాతి దూతలుగా భావించాలని అది నిర్దేశిస్తుంది. దూత పంపినవారికి జవాబుదారి. లంకకు వెళ్ళిన హనుమంతుని కార్యం తిరిగివచ్చి విన్నవించినప్పుడే పూర్తయింది. అడగకుండానే ఒకరి పేరిట వెళ్ళిన దూతకు ఆ బాధ్యత తగ్గదు, పెరుగుతుంది.

అదే 1969లో తెలంగాణలోనూ ‘మనం’ వివాదాస్పదమైంది. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందంలోని రక్షణలు అమలు కాలేదని విద్యార్థులు, ఉద్యోగులు ప్రత్యేక రాష్ట్రం కోరారు. తెలుగువాళ్ళమంతా ఒక్కటేనన్న మాటను వారు ప్రశ్నించింది భాషపై ద్వేషంతో కాదు. ఆ మాటలో తమకు రావలసిన పాలు రాలేదని.

పరుల విజయానికి సంతోషించడానికి పాలెందుకు అనవచ్చు. నిజమే, అక్కరలేదు. అందుకే ఈ సర్వనామాన్ని ఎవరు పలుకుతున్నారన్నది ముఖ్యం. రైతు పలికితే ‘మనం’ ఔదార్యం. దానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. వెళ్ళివచ్చినవారు పలికితే అది వాగ్దానం. చంద్రుని వనరులపై ఆసక్తి పెరుగుతున్న నేడు, ఆ వాగ్దానం నెరవేరిందో లేదో చెప్పవలసింది వెళ్ళినవారు కాదు, వెళ్ళనివారు.