మ్రొక్కునందు దేహము, మనస్సు

దైవము హృదయమును చూచువాడైనచో మోకాళ్లతో ఆయనకేమి పనియని విద్యావంతులు కొందరు ప్రశ్నింతురు. నంద్యాల, ఆళ్లగడ్డ, ఉయ్యాలవాడ ప్రాంతముల క్రైస్తవ సంఘముల విషయమున ఈ ప్రశ్న ఉపేక్షింపదగినది కాదు. ఇచ్చట పనిచేసిన ఎస్.పి.జి. మిషను ఆంగ్లికను సంప్రదాయమునకు చెందినది. 1947లో దక్షిణ ఇండియా సంఘ మేర్పడినపుడు ఈ ప్రాంతపు సంఘములు పెక్కు వెలుపలనే నిలిచి, 1963లో ప్రత్యేక డయోసీసై, 1975లోగాని అందు చేరలేదు. ఈ సంప్రదాయమున కీర్తనకు నిలుచుట, వాక్యమునకు కూర్చుండుట, ప్రార్థనకు మోకరించుట అను క్రమము కలదు. పల్లెలలో దీనికి చప్పట్లును, కన్నీళ్లును, సాగిలపడుటయు తోడగును. చదువుకొన్నవారు కొందరు వీనిని చూచి ముఖము చిట్లింతురు.

వారి ఆక్షేపణ నిరాధారము కాదు. పెదవులతో ఘనపరచి హృదయమును దూరముగ నుంచుకొను ప్రజలను యెషయా ప్రవక్త నిందించెను. వీథి మూలల నిలిచి ప్రార్థించువారిని క్రీస్తు గర్హించి, తలుపు మూసికొని ప్రార్థింపుడనెను. మన వేమన బాహ్యాడంబరమును ఎంత తీవ్రముగ ఖండించెనో వేరుగ చెప్పనక్కరలేదు.

అయినను ఆ గ్రంథమునందే వేరొక పక్షమును కలదు. దేవాలయమున సుంకరి కన్నులెత్తజాలక రొమ్ము కొట్టుకొనెను. నీతిమంతుడుగ ఇంటికి మరలినవాడు అతడే. హన్నా పెదవులు మాత్రమే కదలుటచూచి యాజకుడైన ఏలీ ఆమె మత్తురాలని తలచెను. మందసము నెదుట దావీదు నాట్యమాడగా మీకాలు కిటికీనుండి చూచి హీనపరచెను. ఈ రెండు చోట్లను పొరపాటు ప్రార్థించినవారిది కాదు, చూచి తీర్పు చెప్పినవారిది.

భరతుడు నాట్యశాస్త్రమున అశ్రువు, రోమాంచము, వేపథువు మొదలగు ఎనిమిదింటిని సాత్త్విక భావములనెను. మనస్సు ఏకాగ్రమైనగాని అవి పుట్టవని ఆతని మతము. విలియం జేమ్సు 1884లో ఇంకను ముందుకు పోయి, దుఃఖము వలన ఏడ్చుట కాదు, ఏడ్చుట వలననే దుఃఖమును అనుభవించుచున్నామని వాదించెను. ఇది అతిశయోక్తి యైనను ఒక సత్యము నిలుచును: దేహము మనస్సునకు వార్తాహరుడు మాత్రమే కాదు, కొంతవరకు గురువును. భక్తి కలిగినపిదపనే మోకరింతునని కూర్చున్నవాడు ఎన్నడును మోకరింపకపోవచ్చును.

కాని ఇచ్చట మనము మరువరాని విషయ మొకటి కలదు. ఈ సీమలో మిషనులను ఆశ్రయించినవారిలో అత్యధికులు మాల మాదిగలు. మోతుబరి యెదుట చెప్పులు విడిచి, నడుము వంచి నిలుచుట తరతరములుగ వారి దేహములకు బలవంతముగ నేర్పిన పాఠము. దేవుని యెదుట అందరితోపాటు ఒకే నేలపై మోకరించుట ఆ పాఠమునకు ప్రత్యుత్తరమయ్యెను. వంగుట రెండుచోట్లను ఒకటే. కాని ఒకటి భయముచేత, రెండవది స్వేచ్ఛచేత. అట్లని గుడిలోని వంగుట యెల్ల స్వేచ్ఛయని చెప్పజాలము. సంఘ పెద్ద చూచునని మోకరించినచో పాత వంగుటయే గుడిలో ప్రవేశించినట్లు. మా పాఠశాలలో ఉపాధ్యాయుడు రాగానే బాలురందరు లేచెదరు. అందు ఆదరమెంతయో, బెత్తపు భయమెంతయో లేచినవారికే తెలియును. కావున మోకరింపనివానిని నిర్బంధింపరాదు. కన్నీరు విడుచువానిని పరిహసింపరాదు. చిత్తశుద్ధికి సాక్షి లోపలివాడే.

పరులకు కనబడు పరీక్ష యొక్కటి మాత్రము కలదు. 1866 నాటి ఘోర క్షామమున ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి ఆకలిగొన్నవారికి అన్నము పెట్టెను. ఆయన క్రైస్తవుడు కాడు. ఆయన దేవుని యెదుట చేతులెట్లు జోడించెనో నేటికిని ఎవరును అడుగరు; ఆ చేతులు పెట్టిన అన్నమునే తలచుకొందురు. మోకరించినవారును, మోకరింపనివారును ప్రార్థన ముగిసి వెలుపలికి వచ్చినపిదప ఎదురుపడువాడు ఆకలిగొన్న పొరుగువాడే. వాని యెదుట మన దేహము ఏమి చేయునో అదియే మన ప్రార్థనకు భాష్యము.