చక్రములపై గృహస్థాశ్రమము

గృహస్థునకు గృహమొకటి స్థిరముగా ఉండవలెనని లోకము తలచును. నాలుగు గోడలు, ఒక గడప, గడప ముందు ముగ్గు, పెరటిలో తులసికోట ఉన్నచోట సంసారము నిలుచునని మన భావన. ఊరు విడిచి తిరుగువాడు సన్న్యాసి కావలెను, లేదా యాత్రికుడు కావలెను. యాత్రికుడైనను మొక్కు తీర్చుకొని తిరిగి ఇల్లు చేరును. ఆలుబిడ్డలతో బయలుదేరి, చేరవలసిన ఇల్లే లేకుండ సంవత్సరముల తరబడి సాగు ప్రయాణమును ఏ ఆశ్రమమని పిలువవలెను?

ఇది ఊహాకల్పితమైన ప్రశ్న కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఎన్నో కుటుంబములు నేడిట్లే జీవించుచున్నవి. వారు ఉన్న ఇంటిని అమ్మివేయుదురు, లేదా అద్దెకిత్తురు. సామానులో ముప్పాతిక భాగము పంచిపెట్టుదురు. ఆర్.వి. అని పిలువబడు వాహనమును కొని అందులో కాపురము పెట్టుదురు. కొన్నిటికి ఇంజను ఇంటిలోనే యుండును. కొన్నిటిని ట్రక్కు వెనుక తగిలించి లాగుదురు. పొయ్యి, పడకలు, స్నానపు గది అన్నియు అందులోనే. తల్లియో తండ్రియో ఇంటర్నెట్టు ద్వారా ఉద్యోగము చేయుదురు. పిల్లలను బడికి పంపక తామే చదువు చెప్పుదురు. 2008 నాటి ఆర్థిక సంక్షోభములో ఉన్నది పోగొట్టుకొని, గత్యంతరము లేక వాహనములలో తలదాచుకొన్న వృద్ధుల కథ వేరు. జెస్సికా బ్రూడర్ 2017లో వ్రాసిన ‘నోమాడ్‌లాండ్’ గ్రంథము అట్టివారిని గూర్చినది. మన విచారణ ఇష్టపూర్వకముగా చక్రముల నెక్కిన తల్లిదండ్రులను గూర్చి, అంతకంటె ముఖ్యముగా వారి వెంట ఎక్కిన పిల్లలను గూర్చి.

పెద్దలు తమ జీవన విధానమును తాము ఎన్నుకొందురు. అందు ఆక్షేపించుటకు మన మెవరము? పిల్లవాని విషయము అట్టిది కాదు. ఊరు, బడి, ఇరుగు పొరుగు అనువానిని వాని పక్షమున వదలుకొను అధికారము తల్లిదండ్రులకు ఎంతవరకు కలదు?

చట్టము దీనికి ఇచ్చు సమాధానము సులభమైనది. 1993 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రములలోను ఇంటి చదువునకు చట్టసమ్మతి లభించినది. దాని వెనుక రెండు ప్రవాహములు కలవు. ఒకటి, తమ విశ్వాసమునకు అనుగుణముగా పిల్లలను పెంచగోరిన మతనిష్ఠుల ఉద్యమము. రెండవది జాన్ హోల్ట్ వంటి ఉపాధ్యాయుల ఆలోచన. బడిలో భయము వలననే పిల్లల బుద్ధి ముడుచుకొనిపోవుచున్నదని ఆయన 1964లో ‘హౌ చిల్డ్రన్ ఫెయిల్’ అను గ్రంథమున వాదించెను. 1977లో బడి లేని చదువు కొరకే ఒక పత్రికను స్థాపించెను. 2020లో కోవిడ్ వ్యాధి వలన బడులు మూతపడినప్పుడు ఈ మార్గము పట్టినవారు హఠాత్తుగా పెరిగిరి. బడి వయస్సు పిల్లలున్న కుటుంబములలో ఇంటి చదువు చెప్పువారు ఆ వసంతమున నూటికి 5.4 వంతులుండగా, శరత్కాలమునకు 11.1 వంతులైరని ఆ దేశపు జనాభా లెక్కల శాఖ తెలిపినది.

నియమములు రాష్ట్రమునకొక తీరు. న్యూయార్కులో తల్లిదండ్రులు పాఠ్యప్రణాళిక సమర్పించవలెను, మూడు నెలల కొకసారి నివేదిక పంపవలెను. టెక్సాసులో ఎవరికిని తెలుపనక్కరలేదు. అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము 1994లో ఇంటి బడిని ప్రైవేటు బడిగనే పరిగణించినది. ఇక్కడ ఒక చిత్రము కలదు. నిత్యము తిరుగువారికి సైతము చట్టము దృష్టిలో ఒక చిరునామా కావలెను కదా! అందుచేత వారిలో చాలామంది టెక్సాసు, ఫ్లోరిడా, దక్షిణ డకోటా వంటి రాష్ట్రములలో ఉత్తరములు అందుకొని పంపు సంస్థల చిరునామాను తీసికొందురు. దక్షిణ డకోటాలో ఒక్క రాత్రి బస చేసిన రసీదు చూపి, నిరంతర యాత్రికులు డ్రైవింగు లైసెన్సు పొందవచ్చును. పిల్లవాని శరీరము పది రాష్ట్రములు తిరుగును. కాగితముపై వాడు ఒక రాత్రి నిద్రించిన ఊరివాడగును.

ఆ జీవితములో లాభములు లేవనువాడు దానిని చూడనివాడే. నీటి సంగతియే తీసికొందము. ఆ వాహనమున మంచినీటి తొట్టి యొకటి, స్నానపు నీరు, పాత్రలు కడిగిన నీరు చేరు తొట్టి యొకటి, మలినము చేరు తొట్టి మరియొకటి ఉండును. మంచినీరు నూరు నూటయేబది లీటర్లు మొదలు నాలుగు వందల లీటర్ల వరకు మాత్రమే పట్టును. కుళాయి త్రిప్పిన వచ్చు నీటికి అంతమున్నదనియు, తాను విడిచిన మలినమును తన తండ్రియే గొట్టము తగిలించి నియమిత స్థలమున ఖాళీ చేయవలెననియు ఆరేండ్ల బిడ్డకు అర్థమగును. నగరములో పుట్టి పెరిగిన పెద్దలలో ఈ జ్ఞానము ఎందరికి కలదు?

ఇక భూమియే పుస్తకమగుట యున్నది. కొలరాడో, యూటా రాష్ట్రముల సరిహద్దున డైనోసార్ నేషనల్ మాన్యుమెంట్ అను స్థలమున ఒకే కొండగోడలో సుమారు 1,500 శిలాస్థికలు పొదిగి కనిపించును. కొన్నిటిని చేతితో తాకనిత్తురు. అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ అంచున నిలిచిన పిల్లవాని పాదముల క్రింది సున్నపురాయి సుమారు 27 కోట్ల సంవత్సరముల నాటిది. అట్టడుగున నది ఒరసికొని పారు శిల సుమారు 170 కోట్ల సంవత్సరముల నాటిది. ఆ అట్టడుగు శిలకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ‘విష్ణు’ శిల అని తెలిసిన మన పాఠకులు ఆశ్చర్యపడుదురు. అచ్చటి శిఖరములకు విష్ణు, బ్రహ్మ, శివ నామములు కలవు. 19వ శతాబ్దములో ఆ లోయను పరిశీలించిన క్లారెన్స్ డటన్ ఒక శిఖరమును చూచి, తూర్పుదేశపు దేవాలయ గోపురమును తలచుకొని దానికి విష్ణు ఆలయమని పేరు పెట్టెను. బడి గదిలో పటము చూచి వల్లెవేసిన వానికిని, ఆ అంచున నిలిచి తల త్రిప్పి తండ్రిని ప్రశ్న అడిగిన వానికిని తేడా యుండును. జాతీయ ఉద్యానములలో చిన్నపిల్లలు ఒక చిరుపుస్తకము పూర్తిచేసి, అధికారి ఎదుట ప్రమాణము చేసి, బిళ్ళ నందుకొనుట కలదు. అట్టి బిళ్ళలు వాహనమున వరుసగా వ్రేలాడుట ఆ పిల్లలకు గర్వకారణము.

తండ్రి రోజంతయు కంటికి కనబడుట వీటన్నిటికంటె పెద్ద లాభము. ఉదయము బిడ్డ లేవకముందే పోయి, రాత్రి బిడ్డ నిదురించిన పిమ్మట వచ్చు తండ్రులు మన నగరములలో మాత్రము కొదువా?

కావున ఇల్లు కదలుచున్నది గదా యని నిందించుట సరికాదు. మన భాగవతమున శ్రీకృష్ణుని బాల్యము బండ్లపై కదలిన బాల్యమే. గోకులమున ఉత్పాతములు మితిమీరగా, మద్దిచెట్లు కూలిన పిమ్మట, ఉపనందుడను వృద్ధుడు పిల్లల క్షేమము కొరకు ఆ చోటు విడువవలెనని పలికెను. గోపకులు వృద్ధులను, బాలురను, స్త్రీలను, సామానును శకటముల కెక్కించి, ఆవులను ముందు నడిపించుకొని బృందావనము చేరిరి; అచ్చట బండ్లను అర్ధచంద్రాకారముగా నిలిపి నివాసమేర్పరచుకొనిరి. కదలినది నందుని ఇల్లొక్కటే కాదు, వ్రజమంతయు కదలినది. బాలకృష్ణుడు చోటును విడిచెను గాని చెలికాండ్రను విడువలేదు. వానిని ఎత్తుకొనిన చేతులు, మందలించిన నోళ్ళు, వాని అల్లరిని యశోదకు చెప్పవచ్చిన గోపికలు అందరును బండ్లలో వెంటనే యుండిరి.

అమెరికా రహదారిపై సాగు కుటుంబమునకు కొరవడినది ఇదియే. అది ఒంటరిగా కదలును. ప్రభుత్వ భూములలో ఉచితముగా దిగుటకు చాలచోట్ల 14 దినములే గడువు, పిమ్మట కదలవలెను. ప్రక్క వాహనములోని పిల్లవానితో స్నేహము పండువేళకు ఒక వాహనము తూర్పునకు, మరొకటి పడమరకు పోవును. ఈ లోటు ఆ తల్లిదండ్రులకు తెలియకపోలేదు. శీతకాలమున అరిజోనాలోని క్వార్ట్‌సైట్ వంటి ఎడారి ప్రాంతములలో వాహనములు గుంపులుగా చేరును. పిల్లలున్నవారు ఒకరి నొకరు వెదకికొని కొంతకాలము కలిసి పయనింతురు. వ్రజమును మరల కూర్చుకొను ప్రయత్నమని దానిని నేను గౌరవించుచున్నాను. కూర్చిన వ్రజము కొలది వారములలో విడిపోవును.

ప్రసంగవశమున ఒక మాట. మన తెలుగునాట గంగిరెద్దులవారు తరతరములుగా ఆలుబిడ్డలతో ఊరూరు తిరిగినవారే. సన్నాయి ఊదుట, ఎద్దును మచ్చిక చేయుట కొడుకు తండ్రి వద్దనే నేర్చెను. అదియు ఇంటి చదువే. వారి బిడ్డ బడికి రానిచో వెనుకబాటుతనమంటిమి; ఖరీదైన వాహనమున తిరుగు బిడ్డ బడికి పోనిచో స్వేచ్ఛ యనుచున్నాము. అయినను గంగిరెద్దులవారు ఒంటరిగా తిరుగలేదు. బంధుకుటుంబములు కలిసి ఊరి వెలుపల గుడిసెలు వేసికొనెడివి.

పిల్లవానిని తల్లిదండ్రులు గాక ఇతరులు ఎందుకు ఎరుగవలెను? తల్లి కన్ను ప్రేమతో చూచును, తండ్రి కన్ను ఆశతో చూచును. ఈ రెండు కన్నులకు కనబడని గుణము, కనబడని లోపము బిడ్డయందు ఉండును. గణితము మీద విసుగనుకొన్నది నిజమునకు కంటిచూపు మందగించుట కావచ్చును. మొండితనమనుకొన్నది సంగీతము మీది మక్కువ కావచ్చును. పరాయి గురువు దానిని ఒక్క వారములో పసిగట్టును. సర్వవిద్యలు తానే యైనవాడు సైతము సాందీపని ఇంటికి పోయి శిష్యుడై నిలిచెను గదా. దీనికి ఒక చీకటి పార్శ్వమును కలదు. ఇంటిలోనే బిడ్డకు హాని జరుగుచున్నచో తెలిసికొనువారెవరు? అమెరికాలో అట్టి అనుమానము కలిగిన ఉపాధ్యాయుడు ప్రభుత్వమునకు తెలుపవలెనని చట్టము నిర్బంధించును. బడియే లేని బిడ్డకు ఆ కాపు లేదు; నెలకొక ఊరు మారు బిడ్డకు పొరుగువాని కాపును లేదు. ఇంటి చదువుతో పెరిగి పెద్దవారైన కొందరే 2013లో ఒక సంఘముగా ఏర్పడి, ఇట్టి పిల్లల రక్షణకు నియమములు కావలెనని కోరుచుండుట గమనింపదగినది. మంచి తల్లిదండ్రులు ఈ మాటకు నొచ్చుకొందురు. నొచ్చుకొనుట సహజమే, కాని నియమము మంచివారిని చూచి పెట్టునది కాదు.

పాండవులు వనములకు పోయినప్పుడు బిడ్డలను వెంట గొనిపోలేదు. ఆ పన్నెండేండ్లలో వారు లోమశ మహర్షితో తీర్థములన్నియు సేవించిరి; నదులు, పర్వతములు, ఋషుల కథలు, అంతకు మించిన పాఠశాల యుండునా? అయినను సుభద్రను, అభిమన్యుని శ్రీకృష్ణుడు ద్వారకకు తీసికొనిపోయెను. ద్రౌపది కుమారులను ధృష్టద్యుమ్నుడు పాంచాలమునకు గొనిపోయెను. పిమ్మట కామ్యకవనమునకు వచ్చిన శ్రీకృష్ణుడు ద్రౌపదికి చెప్పిన వార్తయే నన్ను ఎక్కువగా ఆలోచింపజేయును. మేనమామ ఇంట పిల్లల మనస్సు నిలువలేదట. విలువిద్యయందలి ఆసక్తితో వారు ద్వారకనే కోరి చేరిరట. అచ్చట ప్రద్యుమ్నుడు వారికి నేర్పుచుండెనట. పెద్దలు ఒక చోటు నిర్ణయించిరి, పిల్లలు వేరొక చోటు కోరిరి, వారి కోరిక చెల్లినది.

అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ముందుకు ఇదే ప్రశ్న 1972లో వచ్చినది. విస్కాన్సిన్ రాష్ట్రమున ఆమిష్ అను మతశాఖవారు తమ పిల్లలను ఎనిమిదవ తరగతి పిమ్మట బడికి పంపమనిరి. న్యాయస్థానము వారి పక్షముననే తీర్పు చెప్పినది. డగ్లస్ అను న్యాయమూర్తి మాత్రము కొంత విభేదించెను. తల్లిదండ్రుల విశ్వాసమును విచారించితిరి, ప్రభుత్వ ప్రయోజనమును విచారించితిరి. బడి మానవలసిన పిల్లలను అడిగితిరా అని ఆయన ఆక్షేపణ సారాంశము.

చక్రములపై నున్న గృహమునకు ఈ ప్రశ్న వయస్సును బట్టి వచ్చును. అయిదేండ్ల బిడ్డకు తల్లి ఒడియే ఊరు. ఒడి ఎక్కడికి కదలినను వానికి నష్టము లేదు. ఎనిమిది తొమ్మిదేండ్ల వరకు ఈ యాత్ర వరమేయని నా అభిప్రాయము. పండ్రెండేండ్లు వచ్చుసరికి వానికి తన ఈడువారు కావలెను, తాను కోపించి మరల కలిసికొనుటకు వీలైన స్నేహితుడు కావలెను. అప్పుడు అడుగక తప్పదు. అడిగినచో, ఆగుదమని వాడు చెప్పిన మాటకు చక్రములు ఆగవలెను. ఇల్లు అమ్మి, ఆ ధనమును వాహనమునకు వెచ్చించి, తిరిగి నిలుచుటకు చోటు లేకుండ చేసికొన్న పిమ్మట, నీకిష్టమేనా యని బిడ్డను అడుగుట అడుగుట కాదు. తల్లిదండ్రుల సంతోషమే తన బాధ్యతయని ఎరిగిన బిడ్డ ఇష్టమనియే చెప్పును.

ఇల్లు అమ్మక అద్దెకిచ్చి, ఒకటి రెండేండ్లని గడువు పెట్టుకొని బయలుదేరువారు కలరు. ప్రతి శీతకాలము అదే ఊరికి చేరి మూడు నెలలు నిలుచువారు కలరు. అచ్చట అదే గ్రంథాలయము, అదే సంగీతోపాధ్యాయురాలు, అదే దంతవైద్యుడు, అదే వీథి పిల్లలు. గత సంవత్సరము విడిచిపోయిన ఆటను పిల్లలు అచ్చటనే మొదలుపెట్టుదురు. ఎంత ఎదిగితివిరా యని వానిని అడుగువారు తల్లిదండ్రులు గాక ఆ ఊరిలో మరి నలుగురుందురు.