పెంటగుమ్మం కట్టినవాడు

శ్రమదినాల నలభై రోజుల కూడికలు అయిపోయాయి. ఏడు మాటల ధ్యానాలు, ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధన ముగిశాయి. ఇక సెలవుల బైబిల్ పాఠశాలలు, ఆ వెనుకే యవనస్తుల కూడికలు, ఉజ్జీవ సభలు. మన సంఘాల క్యాలెండర్‌లో ఖాళీ గడి కనపడదు. అంత నిండిన క్యాలెండర్‌లోనూ ఎన్నడూ చోటు దొరకని తేదీ ఒకటి ఈ వారంలోనే వస్తోంది. ఏప్రిల్ 24, జాతీయ పంచాయతీరాజ్ దినం. 1993లో ఆ రోజునే 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. గ్రామసభకు రాజ్యాంగంలో స్థానం దక్కింది. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ ఆ సభలో సభ్యుడే. ఆ సభ్యత్వం ఇవ్వడానికీ తీసేయడానికీ సర్పంచ్‌కు గానీ కులపెద్దకు గానీ అధికారం లేదు.

ప్రతి ఆదివారం మన మందిరాల్లో ఒక ప్రార్థన తప్పక వినిపిస్తుంది. అధికారుల కోసం విజ్ఞాపన చేయమని పౌలు తిమోతికి రాశాడు గనుక, రాష్ట్రపతి మొదలు ఊరి సర్పంచ్ దాకా అందరినీ ప్రభువు చేతికి అప్పగిస్తాం. మంచిదే. ఆ ప్రార్థనకు ఆమేన్ చెప్పినవారిలో ఎందరు ఆ సర్పంచ్ ఎదుట కూర్చుని, ఈ ఏడు ఆర్థిక సంఘం నిధులు ఎంత వచ్చాయి, ఏ వీధికి ఖర్చుపెట్టారు అని అడిగారు? గ్రామసభ ఉందని దండోరా వేసిన రోజున మన పేట నుంచి ఎవరు వెళ్తున్నారు? తెలంగాణలో 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న ఒక్క రోజే 13,326 పంచాయతీల్లో సభలు పెట్టారు. ఆ రోజున మీ సంఘం నుంచి ఎవరైనా లేచి మాట్లాడారా? "అది లోక సంబంధమైన పని, మనకెందుకండీ" అనే మాట పాస్టర్ల నోటా విన్నాను, సంఘపెద్దల నోటా విన్నాను, చదువుకున్న యవనస్తుల నోటా విన్నాను. నాకు బాధ కలిగించేది ఈ మాటే.

నెహెమ్యా గురించి మనం చేసే ప్రసంగాలన్నీ మొదటి అధ్యాయం దగ్గరే ఆగిపోతాయి. ఆయన కన్నీళ్లు, ఆయన ఉపవాసం, రాజు ఎదుట ఆయన ధైర్యం. మూడో అధ్యాయం ఎవరూ ఎత్తుకోరు. అంతా పేర్లేనని దాటేస్తాం. ఒక్కసారి నిదానంగా చదవండి. పట్టణపు గోడ కట్టే పని మొదలుపెట్టింది ప్రధానయాజకుడు ఎల్యాషీబు. తోటి యాజకులతో కలిసి గొర్రెల గుమ్మం కట్టాడు. కంసాలులు ఒక చోట, పరిమళ ద్రవ్యాలు చేసేవాడు ఒక చోట, వర్తకులు ఇంకో చోట రాళ్లెత్తారు. షల్లూము తన కుమార్తెలను వెంటబెట్టుకుని వచ్చాడు. చాలామంది ఎవరి ఇంటి ఎదుట గోడ వారే బాగుచేసుకున్నారు. మల్కీయా అనే ఆయన ఒక ప్రాంతానికి అధిపతి. ఆయన పేరు పక్కన ఉన్న పని ఏమిటో తెలుసా? పెంటగుమ్మం. పట్టణంలోని చెత్తా చెదారం బయటికి పోయే దారి. అధిపతి స్థాయి మనిషి వెళ్లి ఆ గుమ్మం కట్టి, తలుపులు నిలబెట్టి, తాళాలూ గడియలూ అమర్చాడు. అది నా స్థాయికి తగదని గానీ, అది ఆత్మ సంబంధమైన పని కాదని గానీ ఆయన అన్నట్టు రాసి లేదు.

అదే అధ్యాయంలో తెకోవ ఊరి ఘనులు ఉన్నారు. వాళ్లు పనికి మెడ వంచలేదని ఒక్క మాట రాసి గ్రంథం ముందుకు వెళ్లిపోయింది. ఆ ఊరి సామాన్యులు మాత్రం తమ వంతు ముగించి, మరో భాగం కూడా కట్టారు. మన ఊళ్లలో మందిరం పెద్దలుగా ముందు వరుసలో కూర్చునేవారు ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టుకుని చదవాలని నా మనవి.

గోడ 52 రోజుల్లో పూర్తయింది. అంతకన్నా నన్ను కదిలించేది ఐదో అధ్యాయం. పొలాలు తాకట్టు పెట్టి ధాన్యం తెచ్చుకున్నవారు, రాజుకు పన్ను కట్టడానికి అప్పుచేసినవారు, కొడుకులనూ కూతుళ్లనూ దాస్యానికి పంపినవారు వచ్చి మొరపెట్టుకున్నారు. నెహెమ్యా గదిలోకి వెళ్లి తలుపు వేసుకోలేదు. జనాన్ని పోగుచేసి పెద్ద సమాజం పిలిచాడు. వడ్డీ తినే ప్రధానులను అందరి ముందూ నిలబెట్టి అడిగాడు. పొలాలు, ద్రాక్షతోటలు, ఒలీవ తోటలు, ఇళ్లు తిరిగి ఇప్పించాడు. వాళ్ల మాట నోటిమాటగా పోకుండా ప్రమాణం చేయించాడు. అధిపతిగా ఉన్న పన్నెండేళ్లూ అధిపతికి రావలసిన భోజన భత్యం ముట్టుకోలేదు. మరి ఆ రోజు జరిగింది గ్రామసభ కాకపోతే మరేమిటి?

మన తెలుగు సంఘాల చరిత్రలో కూడా ఊరి పని మొదటి నుంచీ ఉంది. 1876-78 ధాత కరువులో ఒంగోలు సీమ మాడిపోతుంటే, అక్కడ సేవలో ఉన్న జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. యవ్వనంలో సర్వే పని నేర్చినవాడు. ఆకలితో నడిచొచ్చినవారికి పలుగూ పారా ఇచ్చి, కూలి ఇచ్చి బతికించాడు. కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట ఎవరికీ రాకూడదని ఆయన పట్టుదల. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. జూబిలీ సభల్లో ఆ 2,222 అంకెను గొంతెత్తి చెబుతాం. దాని వెనుకనున్న కాలువ మట్టిని మాత్రం తలవం. ఆ మట్టి పని లేకుండా ఆ నది ఒడ్డు జనసమూహాన్ని నేను ఊహించలేను.

దోర్నకల్ బిషప్ అజరయ్య గారి సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయిన మనిషి. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కావాలా వద్దా అని దేశమంతా వాదులాడుతున్న రోజుల్లో ఆయన వద్దనే పక్షాన గట్టిగా నిలబడ్డారు. క్రైస్తవులు ఒక ఓట్ల వర్గంగా విడిపోతే పొరుగువారికీ వారికీ మధ్య గోడ లేస్తుందని, సంఘం సాక్ష్యమే దెబ్బతింటుందని ఆయన భయం. తర్వాత రాజ్యాంగ సభలో ఉపాధ్యక్షుడిగా ఉన్న హరేంద్ర కుమార్ ముఖర్జీ కూడా క్రైస్తవుడే. మతాల వారీ అల్పసంఖ్యాకులకు చట్టసభల్లో సీట్ల రిజర్వేషన్ అక్కర్లేదన్న తీర్మానాన్ని 1949లో సలహా సంఘం ముందు పెట్టింది ఆయనే. ఆ పెద్దలు సీట్లను వదులుకున్నారు గానీ ఊరిని వదులుకోమని మనకు చెప్పలేదు. పొరుగువాడి పక్కన కూర్చుని, పొరుగువాడితో కలిసి ఊరిని నడపమన్నారు.

మనం చేస్తున్నది సరిగ్గా దానికి విరుద్ధం. గ్రామసభకు వెళ్లం. ఎన్నికలు రాగానే మాత్రం ఓట్ల వర్గంగా మారతాం. అభ్యర్థి మందిరానికి వస్తాడు. పాస్టర్ గారు వేదిక మీదికి పిలిచి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు. "మా సంఘంలో ఇన్ని ఓట్లున్నాయి" అనే మాట పక్క గదిలో నడుస్తుంది. ఎవరి ఓట్లు అవి? ఆ విశ్వాసుల ఓట్లు కావా? మూటగట్టి ఇంకొకరి చేతిలో పెట్టే హక్కు కాపరికి ఎవరిచ్చారు? బదులుగా అడిగేవేమిటో అందరికీ తెలిసినవే. మందిరానికి ప్రహరీ, ఒక రేకుల షెడ్డు, మైకు సెట్టు. పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం గురించి మండల స్థాయిలో సమావేశాలు పెట్టుకున్నంత పట్టుదలగా ఊరి తాగునీటి ట్యాంకు గురించి ఒక్కసారి కూడుకున్నామా?

సమాధుల తోట సంగతి వేరు. చనిపోయినవారిని పూడ్చడానికి చోటులేక కుటుంబాలు పడే అవస్థ నిజమైనది. దానికోసం పంచాయతీకి వెళ్లాల్సిందే, అర్జీ పెట్టాల్సిందే. ఆ శవం ముందు నిలబడినప్పుడు గుర్తొచ్చిన పంచాయతీ, బతికున్న పిల్లలు చదివే అంగన్‌వాడీకి పైకప్పు లేనప్పుడు మనకు ఎందుకు గుర్తురాదు?

వెళ్లనివారందరినీ ఒకే గాటన కట్టను. మన సంఘాల్లో చాలామంది తాతముత్తాతలు రచ్చబండ ఎక్కడానికి వీల్లేనివారు. దూరంగా చేతులు కట్టుకుని నిలబడి తీర్పు విన్నవారు. ఆ భయం ఎముకల్లో ఉంటుంది. "మా మాట ఎవరు వింటారయ్యా" అని ఒక పెద్దాయన అన్నప్పుడు నేను బదులు చెప్పలేకపోయాను. దానికి తోడు చట్టం పెట్టిన చిక్కు ఒకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల గుర్తింపు మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు నేటికీ బయటే ఉన్నారు. ఎస్సీ రిజర్వుడు వార్డులో వారు పోటీ చేయలేరు. రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సీలో లెక్కిస్తారు. అందుకే కాగితం మీద ఒక మతం, ఆదివారం ఇంకొక మతంగా బతుకుతున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ల మీద రాయి వేసే మనసు నాకు లేదు. ఆ ఉత్తర్వు అన్యాయమని నా నమ్మకం. దానిమీద మాట్లాడుతూనే ఉండాలి.

అయితే పోటీకి అడ్డున్న ఆ ఉత్తర్వు గ్రామసభలో కూర్చోవడానికి అడ్డు లేదు. అక్కడ ఎవరి మతమూ అడగరు, ఎవరి కుల ధ్రువపత్రమూ అడగరు. తాతకు దక్కని చోటు మనవడికి చట్టం ఇచ్చింది. ఆ మనవడు అదే రోజు ఉపవాస ప్రార్థన ఉందని ఆ చోటును ఖాళీగా వదిలేస్తున్నాడు. యెషయా 58వ అధ్యాయం చదివినవారికి ఆ ఉపవాసం గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

వెళ్లినప్పుడు ఏం అడగాలి? అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చూడండి. రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టింది. అపొస్తలులు ఆ సణుగును పాపమని గద్దించలేదు. ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండిన ఏడుగురిని ఎంచి ఆ పని అప్పగించారు. హతసాక్షి స్తెఫను ఆ ఏడుగురిలో ఒకడు. పింఛను జాబితా సరిచూసే పనికి ఎన్నికైన మనిషి! మన ఊళ్లో వేలిముద్ర పడక పింఛను ఆగిన ముసలమ్మ, ఉపాధి పనికి వెళ్లి కూలి రాని కుటుంబం, నీళ్లు ఎక్కని చివరి వీధి, వీటి గురించి అడగాలి. ఆ ముసలమ్మ గుడికి వెళ్లేదైనా, దర్గాకు వెళ్లేదైనా అడగాలి. మన వీధి కాలువ ఒక్కటే బాగుపడాలని వెళ్తే అజరయ్య గారు భయపడ్డ గోడను మనమే కడుతున్నట్టు. పౌలు రాసిన రోమా పత్రిక చివర వందనాలు పంపినవారిలో ఎరస్తు అనే పట్టణపు ఖజానాదారుడు ఉన్నాడు. ఆ ఉద్యోగం మానుకోమని పౌలు అతనితో అన్నట్టు ఎక్కడా లేదు.

సంఘాల్లో ఎన్నికలు, కమిటీలు మనకు కొత్త కాదు. బాధ ఏమిటంటే, అక్కడ మనం నేర్చుకున్నది చాలాసార్లు వర్గాలు కట్టడం, కోర్టులకెక్కడం. ఆ అలవాటును పంచాయతీకి మోసుకెళ్లొద్దు. మోసుకెళ్లాల్సినది మన స్త్రీల దగ్గర ఉంది. స్త్రీల మైత్రి పుస్తకాలు ఎప్పుడైనా చూశారా? పిడికెడు బియ్యం కానుక కూడా తేదీ వేసి, సంతకాలు పెట్టి రాస్తారు. రెండు రాష్ట్రాల పంచాయతీల్లో సగం స్థానాలు ఇప్పుడు మహిళలవే. గెలిచిన చోట కుర్చీలో భర్త కూర్చుంటాడు, ఫోన్ భర్త ఎత్తుతాడు, తీర్మానం మీద సంతకం పెట్టించి ఆమెను వంటింటికి పంపేస్తాడు. ఆదివారం ప్రభువు బల్ల పంచే సంఘపెద్దల ఇళ్లలోనూ ఇదే జరుగుతోంది. ఆ భర్తను పిలిచి, ఊరు ఓటేసింది మీ ఆవిడకండీ, కుర్చీలోంచి లేవండి అని చెప్పాల్సిన బాధ్యత కాపరులది. ఈ ఆదివారం ప్రకటనల్లో వచ్చే గ్రామసభ తేదీ చదవండి. ఆ రోజు కూడిక ఏదైనా ఉంటే మరో రోజుకు మార్చండి. లెక్కలు రాయడం వచ్చిన సహోదరీలను ముందు వరుసలో కూర్చోబెట్టండి. వాళ్లు అడగవలసిన ప్రశ్నలు వాళ్లకు తెలుసు.