శరణార్థి భయమునకు ప్రమాణమేది?

విభీషణుడు నలుగురు అనుచరులతో సముద్రపు ఉత్తర తీరమునకు వచ్చి శరణు వేడినపుడు శ్రీరాముని చెంత పెద్ద విచారణయే జరిగినది. సుగ్రీవుడు వధింపుమన్నాడు. అంగదుడు పరీక్షింపుమన్నాడు. శరభుడు చారుని పంపుమన్నాడు. రాకూడని చోటికి, రాకూడని వేళకు వచ్చినాడని జాంబవంతుడు శంకించినాడు. మెల్లగా ప్రశ్నించి చూడుమని మైందుడు చెప్పినాడు. హనుమంతుడు మాత్రము ఒప్పుకొనలేదు. హఠాత్తుగా ప్రశ్నింపబడిన బుద్ధిమంతుడు అడుగువారినే శంకించును, సులభముగా లభించిన మిత్రుడు చెడిపోవునని ఆయన వాదము.

నేటి రాజ్యములు ఈ విచారణనే చట్టముగా వ్రాసికొన్నవి. 1951లో జెనీవాలో కుదిరిన ఒప్పందము ప్రకారము జాతి, మతము, జాతీయత, ఒకానొక సామాజిక వర్గమునకు చెందియుండుట, రాజకీయాభిప్రాయము అను అయిదింటిలో ఏదో ఒక కారణమున హింస కలుగునను ‘తగిన ఆధారము గల భయము’తో స్వదేశము వెలుపల నుండి, ఆ దేశపు రక్షణను పొందజాలనివాడు, లేక ఆ భయముచేతనే పొందనొల్లనివాడు శరణార్థి. కరవు వలననో వరద వలననో మాత్రమే ఊరు విడిచినవాడు ఎంతటి దీనుడైనను ఈ మాటలలో ఇమడడు. భారతదేశము ఈ ఒప్పందములో చేరలేదు. అయినను 1959లో దలైలామాకును, ఆయన వెంట టిబెట్టు నుండి వచ్చినవారికిని ఆశ్రయమిచ్చినది.

అమెరికా చట్టము ఒకప్పుడు కమ్యూనిస్టు రాజ్యముల నుండి, మధ్యప్రాచ్యము నుండి పారిపోయి వచ్చినవారినే ఈ కోవలో ప్రధానముగా లెక్కించెడిది. అనగా భయము కంటె భయపెట్టినవాడెవడన్నదే ముఖ్యమైనది! 1980 నాటి శరణార్థి చట్టము ఆ భేదమును తొలగించి, జెనీవా నిర్వచనమునే దాదాపుగా స్వీకరించినది. కాని ఆధారము గల భయమనగా ఎంత?

ఈ ప్రశ్న నికరాగ్వా దేశపు ఒక స్త్రీ వలన సర్వోన్నత న్యాయస్థానమునకు చేరినది. ఆమె స్వయముగా ఏ రాజకీయములోను పాల్గొనలేదు. ఆమె సోదరుడు తన రాజకీయముల వలన చెరసాలలో చిత్రహింసలు పడినాడు. తిరిగి వెళ్ళినచో అతని జాడ చెప్పుమని తననును పీడింతురని ఆమె భయము. హింస జరుగకుండుట కంటె జరుగుటయే ఎక్కువ సంభావ్యమని ఆమె నిరూపింపవలెనని ప్రభుత్వము వాదించినది. 1987లో ఆరుగురు న్యాయమూర్తులు ముగ్గురి భిన్నాభిప్రాయముపై ఈ వాదమును త్రోసిపుచ్చినారు. ఒక దేశములో ప్రతి పదవ పురుషుని చంపుచున్నారని, లేక దూరపు నిర్బంధ శ్రమ శిబిరమునకు పంపుచున్నారని తెలిసినచో, అక్కడి నుండి తప్పించుకొని వచ్చిన ప్రతివాని భయమునకును ఆధారమున్నట్లేనన్న ఒక ఉదాహరణమును తీర్పు ఉదహరించినది. తక్కిన తొమ్మిదిమంది బ్రతికియే యున్నారు గదా అని త్రిప్పి పంపుటకు ఎట్టి కఠినుడు కావలెనో!

అయినను ఆ చట్టము ఇచ్చునది అర్హత మాత్రమే. అర్హుడైనవానికి సహితము ఆశ్రయమిచ్చుట అధికారి విచక్షణకే విడువబడినది. శ్రీరాముని వ్రతములో ఈ రెండవ తలుపు లేదు. ఒక్కమారు నీవాడనని వేడినవాడు రావణుడే అయినను అభయమే. లంక బలాబలములను శ్రీరాముడు అడుగకపోలేదు. కాని అడిగినది విభీషణుడు అభయము పొంది పాదములపై వ్రాలిన తరువాత.