మన విమోచకుడు మన బంధువు

వాక్యభాగము: లేవీయకాండము 25:47–49



మన ప్రార్థనలలో “విమోచన” అను మాట తరచుగా వినబడుచున్నది. పాపమునుండి విడుదల అని మనమందరము దానికి అర్థము చెప్పుదుము. అది సరియే. అయితే విడిపించువాడెవడు, ఏమి చెల్లించి విడిపించును అనునదికూడ ఆ మాటలోనే యున్నది.

ధర్మశాస్త్రమును చూడుడి. ఒక ఇశ్రాయేలీయుడు బీదవాడై పరదేశికి తన్ను అమ్ముకొనినయెడల, వానిని విడిపించుటకు ఎవరు రావలెను? అన్నదమ్ముడో, పినతండ్రియో, ఆ యింటి రక్తసంబంధియో రావలెను. అట్టివానికి హెబ్రీ భాషలో “గోయేల్” అని పేరు. అతడు “వీడు నావాడు” అని ఒప్పుకొనును; వెల చెల్లించును.

బంధుత్వము మాత్రమే చాలదు. రూతు గ్రంథము 4వ అధ్యాయములో మిక్కిలి సమీప బంధువు తన స్వాస్థ్యమునకు నష్టమని వెనుదీసెను. బోయజు మాత్రము పదిమంది పెద్దలయెదుట ఆ భారమును తనమీద వేసికొనెను.

ఇప్పుడు క్రీస్తును చూడుడి. ఆయన రక్తమాంసములు ధరించి మనకు బంధువాయెను. మనలను సహోదరులనుటకు సిగ్గుపడలేదు (హెబ్రీ 2:11, 14). మార్కు 10:45లో క్రయధనమునకు గ్రీకు మాట “లూట్రోన్”; దాసుని విడిపించుటకిచ్చు వెల అని దాని యర్థము. ఆయన వెండి బంగారములు గాక తన ప్రాణమునే యిచ్చెను.

ఇది మన పల్లెలకు తెలియని సంగతి కాదు. తాత చేసిన అప్పుకు మనుమడు పాలేరుగానుండిన కుటుంబములు మనలో కలవు. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టము అట్టి అప్పులను కొట్టివేసెను. అయినను అప్పు పేరట మనుష్యుని కట్టివేయు ఆశ మనుష్యుల హృదయములలోనుండి పోలేదు.

నెహెమ్యా దినములలో కరవువలన యూదులు పొలములు తాకట్టుపెట్టి, బిడ్డలను దాసత్వమునకు అప్పగించిరి. అప్పిచ్చినవారు అన్యులా? కారు, ఒకే దేవుని ఆరాధించు స్వజనులే. నెహెమ్యా గద్దింపగా వారు మారు పలుకలేక, తీసికొనినవి తిరిగి యిచ్చెదమని ఒప్పుకొనిరి (5వ అధ్యాయము). ఆదివారమున విమోచకుని స్తుతించి, సోమవారమున సంఘములోని విధవరాలిని వడ్డీకై పీడించినయెడల మన స్తుతి ఏపాటిది?

గనుక ఈ నెలలో మీ పేటలో అప్పున చిక్కిన ఒక్క కుటుంబము నొద్దకు వెళ్లి, “మీరు మావారు” అని చెప్పుడి. నోటితో మాత్రమే చెప్పక, చేతనైనంత భారము మోయుడి. వెలపెట్టి కొనబడినవారు చేయదగిన పని యిదే. మనకు బంధువైన ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.