ఖాళీ పాడె



మన ఆత్రేయపురమునుండి పడమటికి గోదావరి దాటి పోయినయెడల తాడేపల్లిగూడెము ప్రాంతమున మాధవరమను గ్రామము గలదు. మిలిటరీ మాధవరమని దానికి పేరు. తరతరములుగా ఆ ఊరి బిడ్డలు సైన్యములో చేరుచున్నారు. రెండు ప్రపంచ యుద్ధములకును వెళ్లిరి. తిరిగిరాని బిడ్డనుగూర్చి తల్లితో ఏమి చెప్పవలెను? ఎన్నో ఏండ్లుగా సమాధులయొద్ద నిలిచి మాటలాడువాడను గనుక ఈ ప్రశ్న నన్ను విడువదు.

క్రీస్తుపూర్వము 431లో ఏథెన్సు నగరమునకు స్పార్టాతో యుద్ధము మొదలాయెను. ఆ చలికాలమున ఏథెన్సువారు చనిపోయినవారి యెముకలను పందిరిక్రింద ఉంచి, గోత్రమునకొక పెట్టె చొప్పున పది పెట్టెలు బండ్లమీద తీసికొనిపోయిరి. వాటితోకూడ అలంకరించిన ఖాళీ పాడె ఒకటి మోసిరి. అది దేహము దొరకనివారిది. ఊరివాడైనను పరదేశియైనను ఆ వెంట నడువవచ్చును.

అప్పుడు పెరిక్లీసు అను నాయకుడు ప్రసంగించెను. థ్యుసిడిడీసు అను చరిత్రకారుడు ఆ ప్రసంగమును వ్రాసియుంచెను. అందులో చనిపోయిన ఒక్కని పేరైనను లేదు! నగరమునే పొగడెను. మా పరిపాలన కొందరిది కాదు, అనేకులది. చట్టము అందరికి సమానము. బీదవాడైనంతమాత్రమున ఎవడును ప్రజాసేవకు దూరము కాడు. ఇట్టి నగరము కొరకే వీరు ప్రాణమిచ్చిరని ఆయన భావము. అనాథలైన పిల్లలను పెద్దవారగువరకు నగరమే పోషించునని మాట యిచ్చెను. ఇది మంచిదే. గాని, ఇంకను పిల్లలను కనగల వయస్సువారు మరల కని దుఃఖము మరచెదరన్న మాట నాకు మింగుడుపడలేదు. మా పేటలో ఏ తల్లితోనైనను నేనట్లనిన, ఆమె నన్ను మరల గడప త్రొక్కనీయదు.

దావీదు అట్లు చేయలేదు. సౌలును యోనాతానును పేరు పెట్టి పిలిచి యేడ్చెను. అయితే ఏథెన్సువారి రాళ్లు ఆ నాయకుని ప్రసంగముకంటె మేలు. చనిపోయినవారి పేర్లను గోత్రములవారీగా చెక్కిరి. తండ్రి పేరు లేదు, ఆస్తి మాట లేదు. మొదటి ప్రపంచ యుద్ధమున మెసపొటేమియాలో చనిపోయి, సమాధి తెలియనివారి కొరకు బస్రాలో కట్టిన స్మారకముమీద నలువది వేలకు పైబడిన మృతులను స్మరించిరి. అయినను మన దేశపు సామాన్య సిపాయిలను పేర్లతో గాక లెక్కతోనే సరిపెట్టిరి.

పెరిక్లీసు పొగడిన నగరములోను బానిసలుండిరి. మరుసటి యేడు తెగులు వచ్చినప్పుడు కొందరు తమవారి శవములను పరుల చితులమీద పడవేసి పోయిరి. 429లో పెరిక్లీసు కూడ మరణించెను. ఆ పొగడ్త అబద్ధమని నేననను. అది బ్రదికియున్నవారు తీర్చవలసిన అప్పు.

మన యెడలను అంతే. జెండా కప్పిన పెట్టె వచ్చిన దినమున ఊరంతయు కదలును, పూలు చల్లును. మరుసటి నెల అతని తండ్రి ఒక కాగితము కొరకు కచేరీ మెట్లమీద సాయంత్రమువరకు కూర్చుండును. ఆయన ఎవరి తండ్రియో ఎవరును అడుగరు. ఏథెన్సు ఖాళీ పాడెవెంట పరదేశులును నడిచిరి. మన గ్రామములనేకములలో నేటికిని శ్మశానము కులమునకొకటి.